తువ్వాలు కింద జామకాయ

మొన్న విజయవాడ వన్ టౌన్‌లో తోపుడుబండి మీద జామకాయలు చూసి ఆగాను. ఒక్కొక్కటీ చిన్న కొబ్బరిబోండమంత ఉంది, పైగా తెల్లటి వలతొడుగు ఒకటి. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. ఏ వాసనా లేదు. "తియ్యగుంటాయమ్మా, గింజ కూడా తక్కువ," అన్నాడు బండి అబ్బాయి. ఉంటాయి కాబోలు. జామకాయకు వాసన ఎంత అవసరమో అతనికి ఎక్కణ్ణుంచి చెప్పుకురాను?

డెబ్బైల మొదట్లో చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో జామకాయ పండిందంటే వీధంతా తెలిసిపోయేది. కాలవకు నీళ్ళు వదిలిన రోజుల్లో తడి మట్టి వాసన, వరిచేలు పొట్ట మీదున్నప్పుడు పచ్చి పాల వాసన, క్రిస్మసు ముందు ఇంటింటా అరిసెల పాకం వాసన, నేతపేటలో ఆరేసిన నూలు నుంచి గంజి వాసన, వీటన్నిటి మధ్యా మా పెంకుటింటి బడి, ఆ బడిలో మా ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పే మా మేనత్త సుగుణ. నాన్నకు చెల్లెలు. పెళ్ళి వద్దనుకుని మా ఇంట్లోనే ఉండేది. ఇంట్లో అత్త, బడిలో టీచర్. ఒకచోటి పిలుపు ఇంకోచోట నోరుజారితే చెవి మెలిపెట్టేది.

అత్తకు చూపు తగ్గిపోతోంది. మొదట్లో సందెవేళ తడబడేది, తర్వాత పట్టపగలే గడప తన్నుకునేది. ఇది మందులకు లొంగేది కాదని విజయవాడ డాక్టరు గారు చెప్పేశారు. "బడిలో తెలిస్తే మానిపించేస్తారు వదినా. ఆ పిల్లలు లేకపోతే నేనేం చేసుకోను?" అని అమ్మతో అంటూ ఉంటే నా చెవిన పడింది. అమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి, ఎవరితోనూ అనకూడదని ఒట్టు వేయించుకుంది. పాఠాలన్నీ అత్తకు కంఠతా వచ్చు గనక పుస్తకం తెరిచి పట్టుకుని, అక్కడక్కడా పేజీ తిప్పుతూ నెట్టుకొచ్చేది.

'రివీల్' అనే మాట ఆవిడ చెప్పిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. బల్ల మీద ఒక ఉసిరికాయ పెట్టి, నేత తువ్వాలు కప్పి, మళ్ళీ తీసి, "ఇది ఇందాకా ఇక్కడే ఉంది, మీకు కనపళ్ళేదంతే. కనపడేట్టు చేస్తే రివీల్. లేనిదాన్ని పుట్టించడం కాదు," అంది. పక్కింటివాళ్ళ గుట్టు బయటపెట్టినా అదే మాటట, దేవుడు తన మనసు బయలుపరిచాడని గుళ్ళో పాస్టరు గారన్నా అదే మాటట, లోపల దాచుకున్న కోపం మొహంలో కనిపించినా అదేనట. ఒక్క మాటకు ఇన్ని పనులా అని మేం నోళ్ళు వెళ్ళబెట్టాం. ఇక రోజూ అదే ఆట. ఒకరు తువ్వాలు కింద ఏదో పెట్టాలి, ఇంకొకరు తువ్వాలు తీయాలి, దాని ఇంగ్లీషు పేరు టీచర్ చెప్పాలి, "ద టవల్ రివీల్స్ ఎ గువావా" అని అందరం గొంతు కలపాలి. మొదట్లో వస్తువులు తనే తెచ్చేది. మేం తెస్తాం మేం తెస్తామని పిల్లలు గోల పెడితే, కాదంటే ఎందుకో చెప్పాలి కదా, ఒప్పుకుంది. తువ్వాలు లేచినప్పుడల్లా నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. కానీ మా అదృష్టం, పండు జామ, ఉల్లిపాయ, అల్లంకొమ్ము, ఎండుచేప, గంజి పట్టిన నూలుచుట్ట, ఎవరు తెచ్చినా అలాంటివే తెచ్చేవారు. అత్త దూరం నుంచే ఠక్కున చెప్పేసేది.

ఒకనాడు ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చారు. వెనకాల బెత్తంతో హెడ్మాస్టరు గారు. ఆట చూసి ముచ్చటపడ్డ ఇన్‌స్పెక్టరు గారు, "ఈసారి నేను పెడతానమ్మా," అంటూ ముందు బెంచీలో ఉన్న నా పుస్తకం తెరిచి, పిల్లలు పెడుతుందని నేను దాచుకున్న నెమలీక తీసి, తువ్వాలు కింద పెట్టారు. తువ్వాలు తీశారు. నెమలీకను ఇంగ్లీషులో ఏమంటారో మాకెవరికీ తెలియదు. కిటికీ పక్కన నిలబడ్డ అత్త బల్లవైపు మొహం తిప్పి మెల్లగా గాలి పీల్చింది. నెమలీకకు వాసనెక్కడిది?

"నెమలీక టీచర్," అన్నాడు వెనక బెంచీలోంచి నేతపేట నాగేశ్వరరావు, గది మారుమోగేట్టు.

"నిన్నెవరడిగార్రా?" అని హెడ్మాస్టరు గారు ముందుకు పిలిచారు. వాడు వచ్చి చెయ్యి చాపాడు. అత్త ఆ ఇంగ్లీషు మాటేదో అనేస్తే సరిపోయేది. వాడు రెండు దెబ్బలు తినేవాడు, ఆవిడకు బడి మిగిలేది. బెత్తం లేచిన చప్పుడు ఆవిడకు వినపడింది.

"వాణ్ణి కొట్టకండి," అంది. "నాకు కనపడదని తెలిసి, నాకోసం చెప్పాడండి. చాన్నాళ్ళయింది, నాకు ఈ బల్ల మీదవి కనపడటం లేదు."

ఇన్‌స్పెక్టరు గారు చెడ్డవారు కాదు. నెమలీకను మళ్ళీ నా పుస్తకంలో పెట్టి, తలొంచుకుని వెళ్ళిపోయారు. ఆ నెలాఖరుకు అత్తను మానిపించారు.

తనిఖీ జరిగిన రోజు సాయంత్రం అరుగు మీద అత్త పక్కన కూర్చుని ఏడ్చాను. నేనెవరితోనూ అనలేదత్తా అన్నాను.

"నువ్వనలేదని నాకు తెలుసే. నాగేశ్వరరావొక్కడికే కాదు, వాళ్ళందరికీ ఎప్పుడో తెలుసు. కొండపల్లి బొమ్మ లేని ఇల్లుందా ఈ ఊళ్ళో? ఒక్కడన్నా తెచ్చాడా? వాసనొచ్చేవే ఏరుకుని తెచ్చేవాళ్ళు వెధవలు," అని నవ్వబోయి, నవ్వలేక, తువ్వాలుతో మొహం కప్పుకుంది.

నాకు అప్పుడు తెలిసింది. ఇంతమంది పిల్లలం ఒకరితో ఒకరం ఒక్క ముక్క అనుకోకుండా, ఇంట్లో కూడా చెప్పకుండా, అన్ని నెలలు ఒక మనిషిని కాచుకున్నాం.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ బడి స్థలంలో ఇప్పుడు కల్యాణమండపం ఉంది. నేతపేటలో మగ్గాల చప్పుడు లేదు, నాగేశ్వరరావు ఎక్కడున్నాడో తెలియదు. మొన్న చేతిలో ఉన్న ఆ జామకాయను ఇంకోసారి వాసన చూసి బండి మీద పెట్టేశాను. ఇది తువ్వాలు కింద పెడితే మా అత్త ఏం చెప్పేది?