గోస్తనీలో నీళ్లెంత?

నెల్లూరు నుంచి గాలి నింపుకునే తెడ్డు పడవ తీసుకుని విశాఖ వెళ్లాను. గోస్తనీ ఏటిలో ఒక పగలంతా తిరగాలని నా కోరిక. వానలు వెనకబట్టాయి. నీళ్లు సరిపోతాయో లేదో తెలియదు, చేతిలో ఉన్నది ఒక్క రోజే. పెందుర్తిలో టీకొట్టు అప్పలనరసమ్మను అడిగాను. ఆమె పుట్టిల్లు ఆ ఏటి ఒడ్డునేనట.

ఆమె వెంటనే ఫోన్ అందుకుంది. "వదినా, మీ రేవులో నీల్లెంతున్నాయి?"

"మోకాల్లోతు. ఏటి, నువ్వొత్తన్నావా?"

"నాను కాదు. ఓ బాబు పడవేసుకుని వొత్తన్నాడు."

తర్వాత కింది ఊళ్లలో ఉన్న చెల్లెలికీ, మేనత్త కూతురికీ చేసింది. మేనత్త కూతురి దగ్గర నడుంలోతు, చెల్లెలి ఊరికి కాస్త పైన ఇసుక తేలిందట. అంతా కాగితం మీద రాసుకున్నాను.

మర్నాడు ఇసుక తేలినచోట పడవ నెత్తిన పెట్టుకుని నడిచాను. మధ్యాహ్నానికి చెల్లెలి ఊరు చేరేసరికి, ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలో నిలబడి ఉంది. నా పేరు చెప్పబోయాను.

"తెలుసులే. ఇంతాలీసం ఏటి బాబూ? కూర సల్లారిపోతంది!"

కడుపు నిండా పెట్టింది. నేను మళ్లీ పడవెక్కుతుంటే ఫోన్‌లో కింది ఊరికి చెబుతోంది: "మనోడు బయల్దేరినాడు. రేవు కాడ సూసుకోండి."