చొక్కాలకిచ్చిన కార్డు

మా తాతగారి రోజుల్లో నరసరావుపేట బట్టల కొట్లవాళ్ళు మూటలు తెచ్చి మా వసారాలోనే విప్పేవారు. ఆస్తులన్నీ పోయినా, కొట్లో నిలబడి కొనడం నాకు ఇప్పటికీ నామోషీయే. మొన్న వేసవిలో, టీచరుగా పనిచేస్తున్న నా భార్య తన క్రెడిట్ కార్డు చేతికిచ్చి, "రెండు చొక్కాలు కొనుక్కోండి, కాలర్లు చిరిగిపోయినయ్" అంది. నేను చొక్కాలు మాని ఆమెకో చీర తీశాను.

కౌంటర్లో యజమాని కార్డు తిప్పి చూసి, "ఆడమనిషి పేరుందేందండీ? ఒకసారి అమ్మగారితో మాట్లాడించండి" అన్నాడు గట్టిగా. కొట్లో అందరూ నావైపు తిరిగారు. నా చెవులు వేడెక్కాయి. ఫోన్ కలిపి అతనికిచ్చాను. అతను స్పీకర్ నొక్కి సంగతి చెప్పాడు.

"ఆ డబ్బు ఆయనదే బాబాయ్, కార్డు నా పేరున తీసుకున్నామంతే. ఆయన్ని నిలబెట్టి అడగతన్నారా ఏంది?" అంది నా భార్య.

యజమాని లేచి నిలబడి, చీర సంచిని రెండు చేతులతో అందించాడు.

ఇంటికెళ్ళగానే, "చొక్కాలేయి?" అని అడిగింది.

"నచ్చలేదు" అన్నాను. ఆమె చీర మడత విప్పి చాలాసేపు నవ్వింది.

ఇప్పుడు ఆ చీరను ఎవరు మెచ్చుకున్నా, "మా ఆయన కొన్నారు" అంటుంది. పక్కనే ఉంటే నేను చిరిగిన కాలరు సర్దుకుని ఇంకాస్త నిటారుగా నిలబడతాను.