మా ఆవిడ కట్టిన పంజరం

మా ఆవిడని ప్రయోగశాలలో ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల మొండిఘటం అంటారు. రెండూ నిజమే. నేను అదే భవనంలో కింది అంతస్తులో గాజు ఊదేవాణ్ణి. వాళ్ళకి కావలసిన కుప్పెలూ గొట్టాలూ మంట మీద తిప్పి తిప్పి చేసిస్తాను. మా పెళ్ళి మాట వచ్చినప్పుడు వాళ్ళన్నయ్య, "ఇంత చదువుకుని గాజు ఊదేవాణ్ణి చేసుకుంటావా?" అని అరిచాడు. "నా చదువంతా ఆయన గాజులోనే ఉడుకుతోంది అన్నయ్యా," అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ మూడు కాళ్ళ కుందేలు నేనే.

ఆవిడ పని పంజరాలు కట్టడం. కంటికి కనబడేవి కావు. కొన్ని రకాల అణువుల్ని ద్రావకంలో వేసి వేడి చేస్తే, అవి తమంతట తామే చేతులు కలుపుకుని, కిటికీలున్న బోలు గదిలా నిలబడతాయి. కిటికీలోంచి ఓ చిన్న అణువు లోపల దూరుతుంది. మా ఆవిడ దాన్ని చుట్టం అంటుంది. తాళం లేదు, సంకెల లేదు. ఒళ్ళు గదికి సరిపోతే చాలు, గోడలన్నీ తలా కాస్త దగ్గరికి లాక్కుంటాయి. ఆ కాస్తలన్నీ కలిసి చుట్టాన్ని కదలనివ్వవు.

ఆవిడ పట్టాలనుకున్నది రంగుల కర్మాగారాల్లో తేలే ఓ ఆవిరిని. వాళ్ళ నాన్న ఆ ఆవిరిలోనే పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. పంజరం ముచ్చటగా తయారైంది కానీ, ఏళ్ళు గడిచినా ఆవిరి అందులోకి రాలేదు. పెద్ద అయస్కాంతం ఉన్న యంత్రం ప్రతిసారీ కాగితం మీద గీత గీసి చూపించేది. పంజరానివి కొన్ని మొనలు, ఆవిరి జాడ సున్నా, ఓ పక్కన అక్కర్లేని చిన్న మొన ఒకటి.

"అది మురికి," అన్నాడు ప్రయోగశాల పెద్ద. "మీ ఆయన చేసే కుప్పెల్లో ఏదో ఉండిపోతోంది. అయినా పట్టుకోలేని పంజరం మనకెందుకు? శుక్రవారానికి బల్ల ఖాళీ చేసి ఇంకొకరికివ్వండి."

కొత్త కుప్పె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! నా కుప్పెలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

"ఖాళీ చెయ్యను సార్," అంది మా ఆవిడ.

ఇంటికొచ్చాక ఆ కాగితం వంటింటి బల్ల మీద పరిచింది. నాకు మనసాగలేదు. "నిజం చెప్పు, నా గాజేనా?"

"మురికైతే ఏ మురికో దాని చోట్లో కనబడాలి కదండీ. ప్రతి అణువుకీ ఈ గీత మీద ఓ చోటుంటుంది. ఇది ఎవరి చోటూ కాదు." వేలు మొన మీద పెట్టింది. "క్లోరోఫాం చోటుకి కాస్త ఎడంగా ఉంది. అదే గోడల మధ్య ఇరుక్కుంటే చోటు జరుగుతుంది... ఏవండీ! గది ఖాళీగా లేదు! పంజరం కట్టిన ద్రావకం క్లోరోఫామేగా. అప్పుడే దూరి కూర్చుంది. ఎండబెట్టినా, గాలంతా లాగేసినా కదల్లేదు. నిండిన ఇంటికి నేను ఇంకో చుట్టాన్ని పంపిస్తున్నాను!"

"అంటే నీ పంజరం పట్టుకోలేక కాదు..."

"పట్టింది వదలక."

"కట్టినవాళ్ళ బుద్ధే వచ్చిందన్నమాట," అన్నాను. గరిటె నా మీదికి ఎగిరొచ్చింది.

మర్నాడే, కిటికీలో పట్టనంత పెద్ద ఒళ్ళున్న ద్రావకంలో మళ్ళీ పంజరం కట్టడం మొదలుపెట్టింది. శుక్రవారం సామాను సర్దడానికి అట్టపెట్టెలతో మనుషులు వస్తే, ఆ పెట్టె ఒకటి తిరగేసి దాని మీదే కూర్చుందట. "యంత్రం చెప్పాక లేస్తాను," అందట.

కింద నేను మంట ముందున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎన్నడూ కిందికి దిగని ప్రయోగశాల పెద్ద దిగి వస్తున్నాడు. వెనకాల మా ఆవిడ, చేతిలో కాగితం. మొహం చూడగానే అర్థమైంది, ఆవిరి చిక్కింది!

"మేడమ్ బల్ల మేడమ్‌కే," అన్నాడాయన నాతో. "ఆ కాగితం మాత్రం ఇవ్వడం లేదు. ముందు నేను మీతో మాట్లాడాలట." కాస్త ఇబ్బందిగా నా కుప్పెలకేసి చూశాడు. "మీ గాజు శుభ్రంగానే ఉంది."

నేను దండం పెట్టబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టి కిందికి దించింది.

"శుభ్రంగానే ఉందని ఆయనకి తెలుసు సార్," అంది. "మురికి అన్నది తప్పని చెప్పండి."