లంక మీద గారు అనకూడదు

గోదావరి తగ్గి ఇసుక తేలే ఫాల్గుణంలో, ధవళేశ్వరం దిగువనున్న ఒక లంకకు నేను ఏటా వెళ్తాను. ఈసారి ప్రాణం విసిగిపోయింది. అయినా నావంటివాడెవడైనా ఆ దారి పట్టదలిస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

నావంటివాడంటే, మగవాడై మగవాడికే మనసిచ్చినవాడు. నేను రామచంద్రపురం తాలూకా కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తాను. రత్నం రాజమహేంద్రవరంలో బడిపంతులు. పన్నెండేళ్ళుగా మేము ఒకరికొకరం. ఊళ్ళో కలిస్తే "మాస్టారు గారూ", "సుబ్బారాయుడు గారూ" అనుకుంటూ రెండు గజాల దూరాన నిలబడతాం. లంక మీద మాత్రం ఆ అవస్థ లేదు.

ఉదయం ఆరింటికి కాలవ పడవ ఎక్కాను. లాకుల దగ్గరే గంటన్నర పోయింది. ఎదురుగా కూర్చున్న కొబ్బరికాయల వర్తకుడు నా కులం, జీతం, పెళ్ళి కాకపోవడానికి కారణం ఆరా తీసి, ఆ తర్వాత రాజకీయాల్లోకి దిగాడు.

"మున్సిపాలిటీ ఎన్నికల్లో మీ ఓటు ఎవరికండి?"

"నాకు ఓటు లేదండి."

"అయితే మీతో మాట్లాడి ఏం లాభమండి!" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ రోజుకు నాకు దొరికిన సుఖం అదొక్కటే.

రెండింటికి ధవళేశ్వరం చేరాను. బస సత్రంలో. నల్లులున్నాయి, సొంత చాప తీసుకెళ్ళండి. మర్నాడు ఏడింటికి, చేపలు పట్టే పోలయ్య తన పడవలో రత్నంతో కలిపి మా ఎనిమిదిమందిని లంక మీద దింపాడు. అక్కడి ఆచారం ఇది: అందరి బట్టలూ విప్పి ఒకే మూట కట్టి పోలయ్యకిచ్చేయాలి. సాయంత్రం దాకా ఆ మూట అతని పడవలోనే ఉంటుంది. అప్పటిదాకా ఎవరూ ఎవరినీ గారు అనకూడదు, మీరు అనకూడదు. ఈదడం, ఎండకు ఇసుక మీద పడుకోవడం, పుచ్చకాయ కోసుకోవడం, ఎవరి తోడు చెయ్యి వాళ్ళు పట్టుకుని కూర్చోవడం. ఏడాదంతా నేను బతికేది ఆ ఒక్క పూట కోసం.

ఈసారి మాలో ఒకడైన వకీలు మూర్తి బట్టలిచ్చాడు గాని తలపాగా ఇవ్వలేదు. మున్సిపాలిటీకి నిలబడుతున్నాడట. పాగాలోంచి ఒక కాగితమూ పెన్సిలూ తీశాడు. అది కలెక్టరుకు అర్జీ. ఒంటి నిండా బట్ట లేకుండా గోదావరిలో దిగేవారికి జరిమానా వేయాలట!

"ఒరే, ఇప్పుడు నీ ఒంటి మీద ఏముందో చూసుకున్నావా?" అన్నాను.

"మన సంగతి వేరురా. ఇది గోచీలతో తిరిగే జనం గురించి. పేపర్లో పడితే నన్ను సంస్కర్త అంటారు. నీ దస్తూరి బాగుంటుంది, శుభ్రంగా ఓ నకలు రాసిపెట్టు."

నాకు ఒళ్ళు మండింది. ఈ కాలపు రాజకీయమంతా ఇంతే. అర్జీ దొరగారికి, పేరు పేపర్లో, జరిమానా మరొకడికి. ఒంటి మీద నూలుపోగు లేని మగాళ్ళు మధ్యాహ్నం దాకా మర్యాద గురించి వాదించుకున్నారు. నేను రాయనన్నాను. మూర్తితో కలిపి ఆరుగురు సంతకాలు చేశారు. ఇక మిగిలింది రత్నం. పెన్సిలు అందుకుని, నావైపు చూడకుండా అన్నాడు:

"చెయ్యకపోతే బడిలో అనుమానిస్తారు. మీరు అర్థం చేసుకోవాలి, సుబ్బారాయుడు గారూ."

సంతకం పెట్టేశాడు. దానికన్నా ఆ ఇసుక మీద గారు అన్నందుకే నాకు ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి సాయంత్రం దాకా లంక రెండో చివరన కూర్చున్నాను.

అయిదింటికి పోలయ్య వచ్చాడు. మూర్తి ఎన్నికల ఊపులో ఉన్నాడు కదా, అతనికి కూడా అర్జీ చదివి వినిపించాడు. పోలయ్య శ్రద్ధగా విని, గడ వేసి పడవను లోతు నీళ్ళలోకి జరిపాడు.

"నాదీ గోచీయే కదండి బాబుగారూ. దిగి మూట అందిస్తే జరిమానా పడుద్దండి. తమరే వచ్చి తీసుకోండి."

మూర్తికి ఈత రాదు. ఈత వచ్చినవాళ్ళం కూడా మూట తడవకుండా తేలేం. అవతల నుంచి సంత జనంతో ఒక పడవ వస్తోంది. మూర్తి పాగా విప్పి నడుముకు చుట్టుకుని కేకలు మొదలుపెట్టాడు. రత్నం అతని చేతిలోని కాగితం లాక్కుని, ముక్కలు చేసి నీళ్ళలో వదిలేశాడు.

"మాస్టారు గారూ, మీ ఉద్యోగం!" అని అరిచాడు మూర్తి.

"ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. పోలయ్యా, మూట తీసుకురా!"

పోలయ్య మూట తెచ్చి ఇచ్చాడు. మూర్తి బట్టలు కట్టుకుని, ఇంటికెళ్ళి, మళ్ళీ రాస్తాడు. అందులో అనుమానం లేదు.

మర్నాడు పొద్దున్నే తిరుగు పడవ ఎక్కాను. రేవు నిండా జనం. నన్ను సాగనంపడానికి రత్నం వచ్చాడు. అతని బడికి పిల్లల్ని పంపే పెద్దమనుషులు ఇద్దరు అక్కడే నిలబడి నమస్కారాలు పెడుతున్నారు. అయినా అందరి ముందూ గట్టిగా పిలిచాడు:

"ఒరేయ్ సుబ్బా! మళ్ళీ ఫాల్గుణం దాకా ఆగకురా. వచ్చే ఆదివారం మా ఇంటికే వచ్చెయ్!"

పన్నెండేళ్ళుగా నేను ఎదురుచూసిన పిలుపు అది. జనమంతా నావైపు తిరిగి చూశారు.

"అలాగేనండి, మాస్టారు గారూ," అన్నాను.

రత్నం తల దించుకున్నాడు. పడవ కదిలింది. కాలవ వాలుకు తొందరగానే నడిచింది. దారిపొడుగునా మూర్తిని తిట్టుకుందామనుకున్నాను గాని నోటికి ఒకటే మాట వచ్చింది. వస్తానురా, వస్తానురా అని రామచంద్రపురం రేవు దాకా గొణుగుతూనే ఉన్నాను. వినవలసినవాడు ధవళేశ్వరంలో ఉండిపోయాడు.