శుభాంగక్క సైటు, దిగంబర్ మామ మీసం

మా శుభాంగక్క కత్తి పట్టకుండా, సబ్బు పూయకుండా, తాను ఉమ్రిలో ఒక పసుపు బస్తా మీద కూర్చుని, దెగ్లూర్‌లో ఉన్న దిగంబర్ మామ మీసాన్ని గొరిగి పారేసింది. నాందేడ్ జిల్లాలో ఇంతటి పనిమంతురాలు మరొకరు లేరు. ఉన్నారని ఎవరైనా అంటే విన్యా దగ్గరికి, అంటే నా దగ్గరికి పంపండి. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోనే ఆ చదువు నా స్థాయికి సరిపోదని తేల్చుకుని బయటికి వచ్చినవాణ్ని. వాదించడానికి తీరిక బోలెడంత ఉంది.

శుభాంగక్క మా పెద్దమ్మ ఇందుబాయి బిడ్డ. మాది దెగ్లూర్ అవతల, మేడ ఎక్కితే తెలంగాణ కనిపించే ఊరు. ఇంట్లో మాట తెలుగు, బడిలో మరాఠీ, బస్సులో సీటు కోసం తగువు హిందీ. అక్క ఈ మూడింటిలోనూ తక్కువే మాట్లాడుతుంది. ఆమె మిగిల్చిన మాటలన్నీ నా వాటాకు వచ్చాయని పెద్దమ్మ అంటుంది.

అక్క వెబ్‌సైట్లు చేస్తుంది. నాందేడ్‌లో ఒక జిరాక్స్ షాపు పైన గది తీసుకుని ఉంటుంది. కోచింగ్ క్లాసులు, పళ్ల డాక్టర్లు, పెళ్లిళ్లు జరిగే మంగళ కార్యాలయాలు, ఇలా ఈ నగరంలో ఫోన్లో మీరు ఎవరి గుమ్మం తట్టినా ఆ గుమ్మం నిలబెట్టింది మా అక్కే అయి ఉంటుంది. ఒక పళ్ల డాక్టరుకు ఆమె చేసిన సైటు ఎంత బాగా కుదిరిందంటే, నొప్పి లేనివాళ్లు కూడా వచ్చి ఒక పన్ను పీకించుకుని పోయేవారు. నేను కళ్లారా చూశాను. ఒకాయన పళ్లన్నీ అయిపోయాక కూడా వచ్చాడు.

బాగా కుదరడమంటే రంగులు, మెరుపులు అనుకునేరు. అక్క చేసిన సైట్లో చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. అదే దాని గొప్ప. డాక్టరు ఎవరు, ఎక్కడ కూర్చుంటాడు, ఎప్పుడు దొరుకుతాడు, ఫోన్ నంబరు ఏంటి. వేలు పెడితే తెరుచుకుంటుంది. దవడ పట్టుకుని ఉన్నవాడికి ఇంకేం కావాలి? కాని ఈ నాలుగు ముక్కలు మిగల్చడానికి అక్క గిరాకీలతో, అంటే పని చేయించుకునేవాళ్లతో, చేసే యుద్ధం అంతా ఇంతా కాదు. ఆ యుద్ధానికి కారణం మా వైపు బ్యానర్లు.

నాందేడ్‌లో ఏ చౌక్‌లో తలెత్తినా ఒక బ్యానర్ కనిపిస్తుంది. పుట్టినరోజో, కొత్త దుకాణమో, దేనికైనా సరే. నడుమ ఆ మనిషి నల్లకళ్లద్దాలతో ఉంటాడు, కింద వరుసగా తలకాయలు ఉంటాయి. ఆ తలకాయలను శుభేచ్ఛుక్‌లు అంటారు, అంటే మేలు కోరేవాళ్లు. ఎవడి తల ఆ వరుసలో లేదో, ఆ సంగతి తెలిసిన రోజునే వాడు మేలు కోరడం మానేస్తాడు. ఒకసారి ఒక పుట్టినరోజు బ్యానర్లో మేలు కోరేవాళ్లు ఎక్కువైపోయి, పుట్టినరోజు ఎవరిదో వాడికే చోటు దొరకలేదు. పాపం, పక్క కరెంటు స్తంభానికి తన కోసం చిన్నది ఇంకొకటి కట్టించుకున్నాడు.

సైటు అన్నా మా జనం మనసులో మెదిలేది ఆ బ్యానరే. మంగళ కార్యాలయం నడిపే గజానన్ అక్కతో పెట్టుకున్న బేరం నా ముందే జరిగింది.

"మేడమ్, నడ్మల నా ఫొటో. కింద మా బామ్మర్దులయి, మా పాలోళ్లయి. ఒక్కటి గుడ తప్పొద్దు."

"గజానన్ భావూ, పెండ్లి జేసేటోడు హాలు చూస్తడా, మీ బామ్మర్దులను చూస్తడా?"

"బామ్మర్దులు ఊకుంటరా మేడమ్?"

"ఊకోకుంటే హాల్ల కూసోవెట్టుర్రి. సైట్ల వద్దు."

గజానన్ ఆ తర్వాత కొన్నాళ్లు అత్తగారింటి గడప తొక్కలేదు. హాలు మాత్రం ఒక్క ముహూర్తానికి కూడా ఖాళీగా లేదు.

ఇన్ని గుమ్మాలు నిలబెట్టినా వేటి మీదా అక్క పేరు లేదు. అప్పట్లో ఆమె ఒక కంపెనీలో పనిచేసేది. ప్రతి సైటు అడుగున చిన్న అక్షరాల్లో కంపెనీ పేరే ఉండేది. ఒకరోజు తన పేరు కూడా వేయమని సాహెబ్‌ను అడిగింది. ఆయన ఎన్నడూ వినని వింతేదో విన్నట్టు నవ్వాడు. అక్క ఆ నెలే బయటికి వచ్చేసింది. పోయేటప్పుడు సాహెబ్ మరాఠీలో ఎంతో ప్రేమగా, నీ కుర్చీ ఇక్కడే ఉంటుంది తల్లీ, తిరిగి తిరిగి అలసిపోయాక రా, అన్నాడు. ఆ రోజు నుంచి అక్కకు ఒకటే పంతం. ఏమైనా కానీ, ఆ కుర్చీలో మళ్లీ కూర్చోకూడదు.

పంతం బాగానే ఉంది, పని రావాలి కదా. వచ్చింది. ఉమ్రిలో పసుపు, కారం పట్టించి అమ్మే ఆడవాళ్ల సంఘం ఒకటుంది. దాని పెద్ద రుక్మాబాయి. పుట్టిల్లు ధర్మాబాద్ దిక్కు, అందుకని తెలుగే. పుణె, ముంబై వాళ్లు నేరుగా కొనేలా ఒక సైటు కావాలని అక్కకు ఫోన్ చేసింది. అక్క సొంతంగా మొదలుపెట్టాక వచ్చిన మొదటి అసలైన పని అది. అది పోతే కుర్చీయే గతి.

"నీ సైటు పేరు చెప్పు బిడ్డా, మా ఆడోళ్లకు చూపెడ్త," అంది రుక్మాబాయి.

"నాది లేదక్కా. వేరేటోళ్లకు చేసినయి చూపెడ్త."

"గవ్వి చూసిన. కింద ఆ కంపెనీ పేరే ఉన్నది."

"చేసింది నేనే అక్కా."

"చేసినవో లేదో మాకేం తెలుస్తది? టైలరమ్మ కాడికి పోతే ముందుగాల ఆమె తొడుక్కున్న జాకిట్ చూస్తం. నీ ఒంటి మీద ఏమున్నదో చూపెట్టు. ఆదివారం మీటింగ్ ఉన్నది, జల్ది చెయ్యి."

అలా మా అక్క జీవితంలో మొదటిసారి తన కోసం సైటు చేయడానికి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ఇంకొకరి సైటు చెడిపోతే గిరాకీ మీద నెట్టేయొచ్చు. తన సైటుకు గిరాకీ తనే. అంత మొండి గిరాకీ నాందేడ్ పుట్టాక పుట్టలేదు. పొద్దున నీలం రంగు వేసేది, మధ్యాహ్నం అది పోలీసు చౌకీలా ఉందని తీసేసేది, సాయంత్రం మళ్లీ అదే నీలం. తన గురించి ఒక్క వాక్యం రాయాలి. రాసేది, చెరిపేది. అందుకే నా ఉద్దేశంలో సైట్లు చేసే ప్రతి మనిషీ ముందు తనదొకటి చేసుకుని తీరాలి. గిరాకీ పడే కష్టం ఏమిటో అప్పుడు గాని తెలియదు. ఈ మాట నేను అక్కతో అంటే డస్టర్ తీసుకుని విసిరింది. కంప్యూటర్ తుడుచుకునేది, తడిగా ఉంది.

అసలు పొరపాటు అప్పుడు చేసింది. సొంత సైటు చేసుకుంటున్నానని ఫోన్లో పెద్దమ్మతో చెప్పింది. బిడ్డ తన పేరు మీద ఏదో పెడుతోందంటే మా వాళ్ల లెక్కలో అది ఓపెనింగే. ఓపెనింగ్ అంటే బ్యానర్. బ్యానర్ అంటే శుభేచ్ఛుక్‌లు. ఇంకేముంది, అక్క ఫోనుకు ఫొటోలు వచ్చిపడటం మొదలైంది. చిన్నమ్మలు, వాళ్ల తోడికోడళ్లు, ఒకప్పుడు ఇంటికి పాలు పోసిన కైలాస్. నేను కూడా ఒకటి పంపాను, సైటుకు కాస్త అందం రావాలని.

ఆఖర్న దిగంబర్ మామ ఫొటో వచ్చింది. మామకు దెగ్లూర్‌లో పెళ్లి పందిళ్లు వేసే పని. ఫొటో కోసం ప్రత్యేకంగా స్టూడియోకు పోయాడు. మీసం దువ్వించుకుని, రంగు వేయించుకుని, ఒక్కొక్క వెంట్రుకా లెక్కకు వచ్చేంత పెద్ద సైజులో తీయించాడు. ఈ మామను కాదనడం కష్టం. అక్క మొదటి కంప్యూటర్‌ను నాందేడ్ నుంచి దెగ్లూర్ దాకా సర్కారు ఎస్టీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది ఆయనే. గతుకు వచ్చిన ప్రతిసారీ మామ గాల్లోకి లేచాడట, కంప్యూటర్ మాత్రం కదల్లేదట. నాందేడ్ బామ్మర్దులందరినీ తరిమేసిన మా అక్క, తన మామ దగ్గరకు వచ్చేసరికి మెత్తబడింది. మామను అన్నిటికన్నా పైన పెట్టింది. కింద మిగతా తలకాయలు. వాటికింద, ఎక్కడో, తాను చేసిన పని.

ఆదివారం నేను, అక్క రైలెక్కి ఉమ్రి పోయాం. స్టేషన్‌కు దగ్గర్లోనే సంఘం వాళ్ల రేకుల షెడ్డు ఉంది. లోపల బస్తాలు, గోడలు, ఆడవాళ్ల బొటనవేళ్లు, అన్నీ పసుపే. వాళ్లు ఆ వేళ్లతోనే తమ తమ ఫోన్లు తీసి అక్క సైటు నొక్కారు.

ముందు మామ జుట్టు వచ్చింది, నూనె మెరుపుతో సహా. అక్కడ ఆగింది. రేకుల కింద సిగ్నల్ అంతంత మాత్రం. కాసేపటికి నుదురు మొదలైంది. మామ నుదురు మామూలు నుదురు కాదు, దాని మీద ఒక పందిరి వేయొచ్చు. సికింద్రాబాద్ వైపు ఒక గూడ్సు బండి మొదలై, డబ్బాలన్నీ దాటి, గార్డు పెట్టె కూడా పోయింది. మామ ఇంకా ముక్కు దగ్గరే ఉన్నాడు.

"ఈ బాపు ఎంతసేపు అత్తడే?" అంది పూనమ్ అనే చిన్నామె.

"అస్తుండు తియ్యి. సగం అచ్చిండు గదా," అంది పక్కనున్నామె.

ఆ తర్వాత మీసం మొలవడం మొదలుపెట్టింది. పైన ఒక గీత, దాని కింద ఇంకొక గీత. నా జన్మలో అంత మెల్లగా పెరిగిన మీసాన్ని చూడలేదు, నాది కూడా కలుపుకుని. మీసం మధ్యలో ఫోన్లన్నీ బిగుసుకుపోయాయి.

రుక్మాబాయి ఫోను ఒళ్లో పెట్టుకుని అక్క వైపు చూసింది.

"ఈయన ఎవలు బిడ్డా?"

"మా మామ."

"సైట్లు చేసేది ఈయననా?"

"కాదక్కా."

"నువ్వు చేస్తే ఈయన చూస్తడా?"

"లేదు."

"మరి గీడ ఎందుకున్నడు?"

నాందేడ్‌లో ప్రతి గిరాకీని అక్క అడిగే ప్రశ్నే అది.

"మా సైట్ల గుడ మా ఆయన మీసం పెడ్తదేమోనే," అని పూనమ్ అనగానే షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. అక్క నన్ను చూసిన చూపుకు నవ్వు సగంలోనే మింగాను. ఆ కుర్చీ నాకు కూడా కనిపించింది ఆ క్షణాన.

"చాయ్ వెట్టుర్రి అక్కా. గది తాగేలోపట మల్ల చూపెడ్త," అంది అక్క. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి పసుపు బస్తా మీద కూర్చుంది. ముందు ఫోన్ అందుకుని మామకు కలిపింది.

"మామా, సైట్ల కెల్లి నీ ఫొటో తీసేస్తున్న."

మామ గొంతు బస్తా దాటి మా దాకా వినిపించింది. "ఎందుకే? మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. ఎక్కుతలేదు. నీ మీసం కాడ ఆగిపోయింది."

"కంప్యూటర్ ఒళ్లె వెట్టుకొని తెచ్చిన గదనే నేను."

"గందుకే మామా. నువ్వు తెచ్చిన కంప్యూటర్ తోని నేనేం చేసిన్నో అది కనవడాలె. నువ్వు అడ్డమున్నవ్."

మామ ఫోన్ పెట్టేశాడు. అక్క ఒక క్షణం ఆ ఫోన్ వైపే చూసి, పని మొదలుపెట్టింది. మామ పోయాడు. చిన్నమ్మలు, తోడికోడళ్లు పోయారు. కైలాస్ పోయాడు. నేను పోయాను, సైటు అందం నాతోనే పోయింది. నీలం రంగు పోయింది. వారమంతా రాయలేకపోయిన వాక్యం అప్పుడు రాసింది. "నేను శుభాంగి. దుకాణాలకు, సంఘాలకు తొందరగా తెరుచుకునే సైట్లు చేస్తాను." అదే మాట మరాఠీలో ఒకసారి. కింద తాను చేసిన పనులు, వాటికింద ఫోన్ నంబరు. అంతే.

చాయ్ గ్లాసులు ఖాళీ కాకముందే ఆడవాళ్లు మళ్లీ నొక్కారు. నా మాట నమ్మండి, కొందరి ఫోన్లలో వేలు తగలకముందే తెరుచుకుంది.

రుక్మాబాయి పైనుంచి కింది దాకా చదివింది. నంబరు మీద వేలు పెట్టింది. బస్తా మీద అక్క ఫోన్ మోగింది. ఇద్దరి మధ్య దూరం ఒక చాయ్ పళ్లెం అంత. అయినా అక్క ఫోన్ ఎత్తింది.

"హలో, శుభాంగి మాట్లాడుతున్న."

"ఉమ్రి కెల్లి రుక్మాబాయిని. పసుపు సంఘపోళ్లం," అంది రుక్మాబాయి, పక్కనే కూర్చుని, ఫోన్లోనే. "మా కొనేటోళ్లు గుడ గిట్లనే తెర్వాలె, గిట్లనే ఫోన్ జెయ్యాలె. చేస్తవా?"

"చేస్తక్కా."

"ఫొటోలు?"

"పసుపుది పెడ్త. మీయి వద్దు."

"మా అధ్యక్షురాలిది గుడ వద్దా?" అని అడిగింది పూనమ్.

"అధ్యక్షురాలిని నేనే. వద్దు," అని రుక్మాబాయి ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు ఉమ్రి పసుపు ముంబై పోతోంది. ఆ సైటు అడుగున చిన్న అక్షరాల్లో అక్క పేరుంది. పాత కంపెనీలో ఆ కుర్చీ మీద ప్రింటర్ పెట్టారని విన్నాను.

దిగంబర్ మామ కొన్నాళ్లు ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఎస్టీ బస్సు దిగి జిరాక్స్ షాపు మెట్లెక్కి వచ్చాడు. చూస్తే మూతి మీద మీసం లేదు. నున్నగా, మామిడి టెంక నాకినట్టు. మా కొంప మునిగిందనుకున్నాను. ఆయన కూర్చుని, మంచినీళ్లు తాగి, తన ఫోన్లో అక్క సైటు తెరిచి కింది దాకా జరిపి చూశాడు. "జల్దినే తెర్సుకున్నది," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, తన పందిళ్ల పనికి కూడా ఒకటి చేసిపెట్టమన్నాడు. ఫొటో సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ మీసం తీసింది ఎవరు? ఇదంతా రాసి అక్కకు చూపించాను. ఆఖరు దాకా చదివి ఇలా అంది: "మామ మీసం నేను గొరగలే, విన్యా. స్టూడియోల ఏసిన రంగు పడక దురద లేస్తే ఆయననే తీయించుకుండు. నేను తీసింది ఫొటో. గది గుడ చెప్పే తీసిన."