అవ్వ కొలువులో తేరు నడిపిన వారం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. ఇంజినీరింగు ముగించి, చెన్నై శివారు మనలిలో ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరి మూడు నెలలైంది. లోకం వచ్చి నన్ను అడగడమే ఆలస్యం. ఆ ధీమాతోనే మైలాపూరులో మా అవ్వకు మాటిచ్చాను, ఆ ఏడాది బొమ్మల కొలువు ముందు చిన్న కొయ్యతేరు దానంతటదే బొమ్మల వీధి చివరికి వెళ్లి వెనక్కి వచ్చేలా చేస్తానని. "వెనక్కి రావాల, తెలిసిందా? బయల్దేరిన తేరు మళ్లా తన చోటికి, నిలకి చేరకపోతే ఇంటికి మంచిది కాదే" అంది అవ్వ. మరుసటి వారమే తాతకు గుండె ఆపరేషన్. ఆమెకు ఇది ఆటబొమ్మ సంగతి కాదని నాకు బాగా తెలుసు.

తేరును దారంతో లాగే మోటారు వెనక్కి తిరగాలంటే కరెంటు దిశ మారాలి, అంతే. (రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే చక్రం ఎదురు తిరగడం నాకు ఇప్పటికీ వింతే. ఆ రోజు గంటసేపు అదే పనిగా మార్చి మార్చి చూశాను.) ఆ మార్పు చేతితో కాకుండా చేయడానికి నాలుగు ట్రాన్సిస్టర్లు కట్టాలా, అవన్నీ ఒకే ముక్కలో ఉండే డ్రైవర్ చిప్పు కొనాలా అన్నది తేలక రిచ్చీ వీధిలో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టు అన్నను అడిగాను. "ట్రాన్సిస్టర్లయితే బరువు లాగతాయి. కాకపోతే ఒకే పక్కవి రెండూ ఒకేసారి తెరుచుకున్నాయంటే పొగే! చిప్పులో ఆ భయం లేదు, బలం తక్కువ. నీ మోటారు ఎంత కరెంటు తింటాది?" "పావు ఆంపియరన్నా, కొలిచినాను" అన్నాను గొప్పగా. "ఖాళీగానా, బరువుతోనా?" అన్నాడు. కొయ్యతేరుకు బరువేమిటి, చోద్యం కాకపోతే! నవ్వేసి చిప్పు కొనుక్కొచ్చాను.

కొలువు మొదటి సాయంత్రం చుట్టుపక్కల ఆడవాళ్లంతా మా ఇంట్లోనే ఉన్నారు. నేను స్విచ్ వేయబోతుంటే అవ్వ "ఉండుండు, సామి లేని తేరేందే?" అని పూజగదిలోంచి ఇత్తడి వినాయకుణ్ణి తెచ్చి తేరులో కూర్చోబెట్టింది. కిలోన్నర ఉంటాడు మహానుభావుడు. (వద్దని ఎవరనగలరు?) తేరు మూలుగుతూ చివరిదాకా వెళ్లింది, తిరుగుదారిలో సగానికి వచ్చి ఆగిపోయింది. చిప్పు మీద వేలు పెడితే చుర్రుమంది. అవ్వ మొహం చూడలేక నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు ఎదురింటి మామి శనగల సుండల్ గిన్నె పక్కన పెట్టి లేచింది. "అయ్యే, తేరుని మిషినా లాగేది? మనమే కదా లాగాల! వాంగో, రండి అందరూ" అంటూ మోటారు నుంచి దారం ఊడదీసి అవ్వ చేతికిచ్చింది. అవ్వ లాగింది, మామి లాగింది, వచ్చినవాళ్లంతా తలా జానెడు లాగారు. వినాయకుడు నిలకు చేరాడు. అవ్వ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పరిగెత్తి బలమైన ట్రాన్సిస్టర్లు తెచ్చాను. ఈసారి వినాయకుణ్ణి కూర్చోబెట్టే కొలిచాను. తేరు జామ్మని వెళ్లి జామ్మని వచ్చింది! అవ్వ రెండుసార్లు చూసి, "శానా బాగుండాదే. ఇప్పుడు దాన్ని ఎత్తిపెట్టి దారం ఈడ కట్టు, లాగేదానికి జనం వస్తా ఉండారు" అంది. తాత ఆపరేషన్ బాగా జరిగింది. ఆ పుణ్యం అవ్వ దారం లాగినవాళ్లందరికీ పంచి, డాక్టరుకూ కొంత ఇచ్చింది. నా సర్క్యూట్‌కు మాత్రం ఏమీ దక్కలేదు. ఇప్పుడు మోటార్లు నడిపించడమే నా ఉద్యోగం. అయినా, చక్కగా పనిచేసే సర్క్యూట్‌ను సంచిలో పెట్టుకుని, ఆ వారమంతా దారం లాగడానికి వరసలో నిలబడ్డ ఆనాటి ట్రైనీ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది.