పలకల కింద ఉప్పు మూటలు

చిక్కబళ్ళాపురంలో మా ఇల్లు మా కిరాణా అంగడి వెనకే ఉండేది. నేలంతా బండపరుపు. ఎండాకాలం హాయిగానే ఉండేది గానీ, చలికాలం మంచు దిగిన పొద్దుల్లో ఆ బండలకు చెమట పట్టేది. అరికాలు పెట్టి తీస్తే తడి అచ్చు నిలిచేది.

నన్ను పెంచిన మేనత్త ఆ నేల మీదే కూర్చుని పని చేసేది. పగలు మంచమెక్కేది జబ్బుమనిషేనని ఆమె నమ్మకం. అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్కటే పితికి పొట్టు తీసేసరికి పూట గడిచిపోయేది. ఆ ఏడు ఆమె మోకాళ్ళు వాచాయి. లేవాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది.

"అనపకాయలు అయిపోతానే గూళూరికి, నా కూతురింటికి పోతానప్పా. ఆడ నేల ఎండుగా ఉండాది," అనింది.

అన్న మాట చేసే మనిషి. ఆమె లేని ఇల్లు నా ఊహకు అందలేదు. నేలనే మార్చి చూద్దామనుకున్నాను.

చింతామణిలో పాత మిద్దె ఒకటి విప్పుతున్నారని తెలిసి, దాని వేగిస మాను పలకలు బండికెత్తించి తెచ్చాను. ముందు బెజ్జం వేయనిదే మేకు దిగనంత గట్టి చెక్క. అత్త కూర్చునే మూలలో పరవాలని నా ఆలోచన. అయితే చెమ్మ పైకి రాకుండా బండకూ పలకకూ మధ్య ఏం వేయాలి? వడ్రంగి ఇసుక అన్నాడు. నా భార్య వరి ఊక అంది. అత్త బొగ్గులంది. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం లేదు. అనుమానమంతా నాకే మిగిలింది.

నేను బడిలో చదివింది తక్కువ. నా లెక్కలు త్రాసు దగ్గర నేర్చుకున్నవి. ముసురు పట్టినప్పుడు ఉప్పు బస్తా బరువెక్కుతుందని ఏ అంగడివాడికైనా తెలుసు. ఉప్పు తాగిన చెమ్మ తూకంలో కనబడుతుంది. మరి ఈ తగువు ఉప్పునే తీర్చమంటే?

ఒకే తూకం ఉప్పును పలచని గుడ్డల్లో మూటలు కట్టాను. వట్టి బండ మీద ఒకటి, ఇసుక మీద ఒకటి, ఊక మీద ఒకటి, బొగ్గుల మీద ఒకటి పెట్టి పలక ముక్కలతో కప్పాను. మరునాడు కంసాలి దగ్గర చిన్న త్రాసు అడిగి తెచ్చి, గురిగింజలతో తూచడానికి కూర్చున్నాను.

"చూడత్తా, ఉప్పుకు నాడి చూస్తాండారు," అని నవ్వింది నా భార్య.

"నొప్పి నా మోకాళ్ళకైతే నాడి ఉప్పుకా?" అంది అత్త.

"నీ మోకాళ్ళు తూచాలంటే అంగట్లో రాళ్ళు చాలవులే!" అన్నాను నేను.

బండ మీది మూట నీళ్ళు కారుతోంది. ఇసుక మీదిది దానికి కొంచెమే మేలు. ఇసుకకు అన్యాయం జరిగిందేమో అనిపించింది, వాగులోంచి తెచ్చి అట్లాగే వేశాను మరి. ఇసుక ఎండబెట్టి మళ్ళీ పెడితే ఉప్పు తాగిన చెమ్మ సగానికి సగం తగ్గింది. అప్పుడు ఇంకో సందేహం వచ్చింది. ఉప్పు తాగే చెమ్మ నేలదేనా, గాలిది కూడానా? నేలకు తగలకుండా గూట్లో ఒక మూట పెట్టి చూశాను. అదీ బరువెక్కింది! ఆ పొద్దు నాకు అన్నం మాట గుర్తులేదు. బొగ్గుల మీది మూట ఆ గూటి మూట కంటే ఒక్క గురిగింజ ఎత్తు మాత్రమే ఎక్కువ తూగింది. నేల చెమ్మ బొగ్గులు దాటి దాదాపు పైకి రావడం లేదన్నమాట. ఊక రెండోదిగా నిలిచింది గానీ, "చెదపురుగులకు విస్తరేసి పిలిచినట్టే," అని వడ్రంగి కొట్టిపారేశాడు. తన ఇసుక ఓడిపోయిన ఉక్రోషం ఆ మాటలో ఉంది.

బొగ్గులు పరిచి, పైన పలకలు వేసి, అత్తను పిలిచాను. ఆమె ఒక కాలు పెట్టింది. కింద కరకరమంది. రెండో కాలు పెట్టేసరికి పలక ఒక పక్కకు ఒరిగింది. ఆమె గోడను పట్టుకుని వెనక్కి తగ్గింది.

"ఇది నేల కాదప్పా, తెప్ప. నన్ను యాడికి దాటించాలని చూస్తాండావు?"

నవ్వుతూనే అంది. కానీ ఆ సాయంత్రమే గూళూరికి తీసుకుపోయే చీరలు మడత పెట్టుకుంది.

నేను తూచింది చెమ్మనొక్కదాన్నే. కాలి కింద కదలిక నా త్రాసులో పడలేదు. అంగట్లో కూర్చుని అదే ఆలోచిస్తుంటే, ఎదురుగా బస్తాలు దుంగల మీద ఉన్నాయి. రోజూ చూసేవే. బస్తాల బరువంతా దుంగలే మోస్తున్నాయి. బొగ్గులతో నేను చెమ్మా ఆపించాలనుకున్నాను, మనిషినీ మోయించాలనుకున్నాను.

పలకలన్నీ విప్పించాను. చెక్క పట్టీలకు అడుగున తారు పూసి, బండ మీద మూరెడు ఎడంతో పరిపించాను. వాటి నడుమ బొగ్గులు, పలకకు తగలకుండా కొంచెం కిందికే నింపించాను. పలకలను పట్టీలకే మేకులతో బిగించాడు వడ్రంగి. ఆ నడిమి జాగా ఖాళీగా వదిలేద్దామన్నాడు గానీ, తేళ్ళు చేరతాయని నేనే ఒప్పుకోలేదు.

అత్త ఈసారి గోడ వదలకుండా ఎక్కింది. మడమతో తొక్కి చూసింది. నడిమికి పోయి ఇంకోసారి తొక్కింది. గోడ వదిలింది. అనపకాయల గంప అక్కడికే తెమ్మంది.

అనపకాయలు అయిపోయాయి. "చింతపండు గింజ తీసేసి పోతాలేప్పా," అంది. చింతపండు కుండల్లోకి ఎక్కేసరికి మామిడికాయలొచ్చాయి. ఒరుగులు తరుగుతూ అదే మూలలో కూర్చుంది.

"గూళూరికి బండి ఎప్పుడు కట్టించాలత్తా?" అని అడిగింది నా భార్య, నా వైపు చూస్తూ.

"ఒరుగులు ఎండనీయవే. అంత తొందరెందుకు నీకు?"